కరెంటుకు తోడు బుడగలు

పర్లాకిమిడి పెద్దలకు, గుణుపురం నుంచి, బరంపురం నుంచి వచ్చినవాళ్లకు నమస్కారం.

అడ్డపొగ గురించి మీకు నేను చెప్పాలా? నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు అటు శ్రీకాకుళం పల్లెల్లోనూ ఇటు గంజాంలోనూ ఉన్నదే, అదీ ఆడవాళ్లలో. ఆ వేడికి అంగిలి పాడవుతుంది, కొందరికి అక్కడే కేన్సర్ వస్తుంది. పైగా పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద, గుడాకు ఒకటి. కరెంటు, అంటే కేన్సర్‌కు ఇచ్చే రేడియేషన్, పెట్టించుకోవడానికి విశాఖకో కటక్‌కో వెళ్లి వారాల తరబడి అద్దె గదుల్లో ఉండేవాళ్లు ఎప్పుడూ అడిగేది ఒకటే: "ఇన్ని రోజులు ఎందుకండీ, ఒక్కసారే గట్టిగా పెట్టేయొచ్చు కదా?"

పెట్టలేం. గడ్డ పక్కనే దవడ ఎముక, లాలాజల గ్రంథులు ఉంటాయి. అందుకే సాధారణంగా రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) చొప్పున, వారానికి 5 రోజులు, ఆరేడు వారాలు. మంచి కణాలు ఆ మధ్యలో కోలుకుంటాయి. చిక్కల్లా గడ్డలో ఆక్సిజన్ సరిగా అందని కణాలతోనే. వాటికి అదే దెబ్బ తగలాలంటే దాదాపు మూడు రెట్ల రేడియేషన్ కావాలి.

కెనడాలో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో రేడియేషన్ వైద్యుడు గ్రెగరీ చార్నోటా బృందం గడ్డకు నెత్తురు తెచ్చే నాళాల మీద గురిపెట్టింది. గుండె స్కానింగ్‌లో బొమ్మ స్పష్టంగా కనబడటానికి ఎన్నో ఏళ్లుగా నరంలోకి ఎక్కిస్తున్న సూక్ష్మ బుడగలే ఇక్కడా వాడతారు. పైన పల్చటి కొవ్వు పొర, లోపల వాయువు. ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి కాబట్టి సన్నటి నాళాల్లోనూ తిరుగుతాయి. గడ్డ మీదికి మాత్రమే అల్ట్రాసౌండ్ పంపితే, అక్కడున్న బుడగలు కొలిమితిత్తుల్లా ఉబ్బుతూ కుంచించుకుంటూ నాళం లోపలి గోడ కణాలను కుదిపేస్తాయి. ఆ కణాల్లో సెరమైడ్ అనే పదార్థం పెరిగి, అవి చావడానికి సిద్ధపడతాయి. మామూలుగా ఈ పని జరగాలంటే ఒక్క దెబ్బకు 8, 10 గ్రేలు కావాలి. బుడగల తర్వాత 2 గ్రేలతోనే జరుగుతోంది. నాళాలు మూతపడి, గడ్డ లోపలి నుంచి చస్తుంది. మిగిలిన బుడగల్లోని వాయువు ఊపిరితో బయటికి పోతుంది.

నెత్తురు ఆపేస్తే ఆక్సిజన్ ఇంకా తగ్గి గడ్డ మొండికెయ్యదా అని మీలో సైన్సు మాస్టార్లు అడగొచ్చు. మంచి అనుమానమే. అందుకే వరుస ముఖ్యం: ముందు బుడగలు, ఆ తర్వాత ఎక్కువ ఆలస్యం లేకుండా రేడియేషన్.

2012లో ఎలుకల్లో పెంచిన ప్రోస్టేట్ గడ్డల మీద దీని ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎమ్మారై చూస్తూ గురిపెట్టి రొమ్ము, తల-మెడ కేన్సర్ రోగుల్లో పరీక్షలు మొదలుపెట్టారు. ఫిలడెల్ఫియాలో లివర్ గడ్డల మీద మరో పద్ధతిలో చూస్తున్నారు. నాకు ఇందులో ఆశ కలిగించేది, బుడగలూ అల్ట్రాసౌండూ రెండూ వైద్యులకు పాత నేస్తాలే కావడం. అయితే మనుషుల్లో మొదట చూసేది ప్రమాదం లేదా అనే. జబ్బు తిరిగి రాకుండా ఎంతవరకు ఆపుతుందో తేలాలంటే పెద్ద పరీక్షలు జరగాలి. వాట్సాప్‌లో ఎవరైనా "బుడగల వైద్యం వచ్చేసింది" అని పంపితే నమ్మకండి.

దీని కోసం ఎవరూ కరెంటు వాయిదా వేసుకోవద్దు. మొదలుపెట్టాక పెళ్లి ఉందనో, కోతలున్నాయనో మధ్యలో మానొద్దు. తల-మెడ కేన్సర్లలో అలా రోజులు సాగితే గడ్డకే లాభం. రానుపోను ఖర్చులకు ఇబ్బందైతే మొదటి రోజే డాక్టరుకు చెప్పండి, మొహమాటపడొద్దు. ఇక మీ ప్రశ్నలు అడగండి. ఒడియాలో అడిగినా ఫర్వాలేదు.