ఐర్లాండ్‌లో ప్రభుత్వ రాయితీతో ఉన్నత విద్య: స్ప్రింగ్‌బోర్డ్ ప్లస్ ఎవరికి, ఎలా?

[తెరపై: శీర్షిక, ఆ వెంటనే ఐర్లాండ్ పటం]

వ్యాఖ్యాత: నమస్కారం. ఉద్యోగం పోయినవారు గానీ, ఉన్న ఉద్యోగం వదిలి వేరే రంగంలోకి వెళ్లాలనుకునేవారు గానీ మళ్లీ చదువుకుందామంటే ముందుగా అడ్డం వచ్చేది ఫీజు. ఐర్లాండ్‌లో ఆ ఫీజును కొందరికి పూర్తిగా, మరికొందరికి 90 శాతం వరకు ప్రభుత్వమే భరించే పథకం ఒకటి 2011 నుంచి నడుస్తోంది. దాని పేరు స్ప్రింగ్‌బోర్డ్ ప్లస్. రాయితీ సంగతి చాలామందికి తెలుసు. సీటు తీసుకున్న తరువాత మన దగ్గర నుంచి అది ఎంత సమయం అడుగుతుందో మాత్రం దరఖాస్తు చేసేటప్పుడు ఎవరూ లెక్క వేసుకోరు. ఈ వీడియోలో రెండూ చూద్దాం.

[తెరపై: 2008, ఆగిపోయిన నిర్మాణ పనులు]

2008లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలినప్పుడు ఐర్లాండ్‌లో అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నది నిర్మాణ రంగం. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి నిరుద్యోగం సుమారు 15 శాతానికి చేరింది. అదే సమయంలో ఔషధ తయారీ, వైద్య పరికరాలు, సాఫ్ట్‌వేర్ రంగాల్లో ఖాళీలు ఉన్నాయి కానీ, ఇళ్లు కట్టినవారిని నేరుగా తీసుకెళ్లి మందుల కర్మాగారంలో నిలబెట్టడం సాధ్యం కాదు. వారికి నాలుగేళ్ల డిగ్రీ చదివే తీరికా లేదు, వారం రోజుల శిక్షణ చాలదు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీని పూరించడానికే కళాశాలల్లో గుర్తింపు పొందిన తక్కువ కాలపు కోర్సులను ఉచితంగా అందించాలని ప్రభుత్వం నిర్ణయించింది. మొదట నిరుద్యోగులకే పరిమితమైన ఈ అవకాశాన్ని 2018లో ఉద్యోగులకు కూడా తెరిచారు.

పథకాన్ని నడిపేది హయ్యర్ ఎడ్యుకేషన్ అథారిటీ. నిధుల్లో ఒక భాగం యూరోపియన్ సోషల్ ఫండ్ నుంచి, మరొక భాగం నేషనల్ ట్రైనింగ్ ఫండ్ నుంచి వచ్చాయి. ఈ రెండోది తెలుసుకోదగినది: ఉద్యోగి జీతంపై యజమాని కట్టే పీఆర్‌ఎస్‌ఐ అనే సామాజిక బీమా చందాలోనే శిక్షణ కోసం ప్రత్యేకించిన వాటా ఒకటి ఉంటుంది, 2020 నుంచి అది 1 శాతం. కాబట్టి ఈ సీటును ఎవరో దయతలచి ఇచ్చినదిగా భావించి మొహమాటపడవలసిన పని లేదు.

[తెరపై: సింగపూర్, ఫ్రాన్స్, ఐర్లాండ్ పక్కపక్కనే]

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సింగపూర్‌లో స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ కింద 25 ఏళ్లు నిండిన పౌరుల ఖాతాలో 500 సింగపూర్ డాలర్లు జమచేశారు. ఫ్రాన్స్‌లో ఉద్యోగుల శిక్షణ ఖాతాలో సాధారణంగా ఏటా 500 యూరోల చొప్పున 5,000 యూరోల వరకు చేరుతుంది. ఆ దేశాల్లో డబ్బు మనిషి వెంట నడుస్తుంది. ఐర్లాండ్‌లో డబ్బు సీటు వెంట నడుస్తుంది. ఏ రంగంలో మనుషుల కొరత ఉందో చూసి ప్రభుత్వం కళాశాలల నుంచి ప్రతిపాదనలు కోరుతుంది; ఎంపికైన కోర్సుల్లో నిర్ణీత సంఖ్యలో సీట్లకు మాత్రమే రాయితీ ఉంటుంది. అందువల్ల మనకు ఇష్టమైన సబ్జెక్టు జాబితాలో లేకపోవచ్చు, ఉన్నా సీట్లు నిండిపోవచ్చు. నా మటుకు ఇది ఎంపిక స్వేచ్ఛను తగ్గించే పద్ధతే, కానీ చదువు పూర్తయ్యాక ఉద్యోగం దొరికే అవకాశం ఉన్న కోర్సులకే ప్రజాధనం వెళ్లేలా చూస్తుంది గనుక నిరుద్యోగికి ఇదే మేలు.

[తెరపై: లెవెల్ 6 నుంచి లెవెల్ 9 వరకు నిచ్చెన]

ఇక ఫీజు విషయానికి వద్దాం. ఐర్లాండ్ అర్హతల చట్రంలో మొత్తం 10 లెవెల్స్ ఉన్నాయి. లెవెల్ 6 డిగ్రీ కంటే కింది సర్టిఫికెట్, 7 సాధారణ డిగ్రీ, 8 ఆనర్స్ డిగ్రీ, 9 మాస్టర్స్. ఈ పథకంలోని కోర్సులు లెవెల్ 6 నుంచి 9 వరకు ఉంటాయి. అర్హమైన సంక్షేమ భృతి పొందుతున్న నిరుద్యోగులకు, ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగానికి దూరమై తిరిగి రావాలనుకునేవారికి అన్ని లెవెల్స్‌లోనూ ఫీజు లేదు. ఉద్యోగంలో ఉన్నవారు 7, 8, 9 లెవెల్స్‌లో 10 శాతం చెల్లించాలి. అంటే 5,000 యూరోల కోర్సుకు 500 యూరోలు. లెవెల్ 6 మాత్రం ఉద్యోగులకు కూడా పూర్తిగా ఉచితం. ఇప్పటికే డిగ్రీ చేతిలో ఉన్నవారు లెవెల్ 6 అనగానే చిన్నచూపు చూస్తారు. కానీ పూర్తిగా కొత్త రంగంలో కాలు పెట్టేవారికి నేరుగా మాస్టర్స్‌లో చేరి తడబడటం కంటే ఇక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని.

[తెరపై: 60 క్రెడిట్లు = 1,500 నుంచి 1,800 గంటలు]

ఇప్పుడు అసలు ఖర్చు. కోర్సు వివరాల పేజీలో క్రెడిట్లు అని ఒక అంకె ఉంటుంది. పేరు కంటే ముందు దానిని చూడండి. యూరప్ క్రెడిట్ పద్ధతిలో 60 క్రెడిట్లంటే ఒక ఏడాది పూర్తికాలపు చదువు, అంటే 1,500 నుంచి 1,800 గంటల పని. మీరు ఎంచుకున్న కోర్సు 30 క్రెడిట్లదైతే అది 750 నుంచి 900 గంటలు. దానిని 40 వారాలకు పంచితే వారానికి సుమారు 19 నుంచి 23 గంటల దాకా వస్తుంది. ఇందులో తరగతులతో పాటు అసైన్‌మెంట్లు, సొంతంగా చదువుకునే సమయం, పరీక్షల తయారీ అన్నీ కలిసే ఉంటాయి. “వారానికి రెండు సాయంత్రాలు ఆన్‌లైన్ తరగతులు” అన్న వాక్యం చూసి చేరినవారికి మిగతా గంటలు ఎక్కడి నుంచి తేవాలో మూడో వారంలో గానీ తెలియదు. పగలు ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు 30 క్రెడిట్ల కోర్సుకు బదులు 10 లేదా 15 క్రెడిట్ల సర్టిఫికెట్ ఉందేమో ముందుగా వెతకడం మంచిది.

ఇంటి నుంచి చదవగల కోర్సులు తక్కువేమీ కాదు. ప్రస్తుతం అట్లాంటిక్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో భాగమైన స్లైగో విద్యాసంస్థ, డబ్లిన్‌లోని జాతీయ బయోప్రాసెసింగ్ పరిశోధన, శిక్షణ సంస్థతో కలిసి బయోఫార్మా, అంటే జీవకణాల సాయంతో మందులు తయారుచేసే రంగపు, కోర్సులను ఆన్‌లైన్‌లో నడుపుతూ వచ్చింది. నిర్మాణ రంగం నుంచి మందుల తయారీకి మారడమనేది ఇలాంటి కోర్సుల వల్లే సాధ్యపడుతుంది.

[తెరపై: దరఖాస్తుకు ముందు చూసుకోవలసినవి]

దరఖాస్తు పథకం వెబ్‌సైట్‌లోనే చేయాలి. పీపీఎస్ నంబరు (ఐర్లాండ్‌లో ప్రభుత్వ సేవల కోసం ప్రతి వ్యక్తికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), నివాస రుజువు, ఉద్యోగులైతే ఆ మేరకు పత్రం, నిరుద్యోగులైతే భృతి రుజువు ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. దరఖాస్తును పరిశీలించి సీటు ఇచ్చేది కళాశాల. పాత చదువు సరిపోకపోయినా పని అనుభవాన్ని లెక్కలోకి తీసుకోమని అడగవచ్చు. మన దేశం నుంచి వెళ్లినవారు అన్నింటికంటే ముందు తమ ఇమిగ్రేషన్ స్టాంపును, అంటే ఏ రకం అనుమతిపై అక్కడ ఉంటున్నారో తెలిపే ముద్రను చూసుకోవాలి: విద్యార్థి అనుమతిపై అక్కడ ఉంటున్నవారికి ఈ పథకం వర్తించదు, మిగిలినవారికి కూడా నివాస కాలానికి సంబంధించిన నిబంధనలు ఉన్నాయి.

భృతి పొందుతున్నవారికి చివరిగా ఒక మాట. సీటు వచ్చినంత మాత్రాన భృతి దానంతటదే కొనసాగదు. పూర్తికాలపు కోర్సుకు ఒక ఏర్పాటు, పార్ట్‌టైమ్ కోర్సుకు మరొక ఏర్పాటు ఉన్నాయి. కాబట్టి తరగతులు మొదలుకాక ముందే మీ ప్రాంతపు ఇంట్రియో కార్యాలయానికి (భృతి, ఉపాధి సేవలు చూసే ప్రభుత్వ కార్యాలయం) వెళ్లి, కోర్సు వివరాలు చూపించి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి.