పని మారిన రోజే ప్రమాదం

(పరవాడలో షట్‌డౌన్ పనులకు ముందు కాంట్రాక్టు కార్మికులు, సూపర్‌వైజర్లతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. షట్‌డౌన్, అంటే రిపేర్ల కోసం ప్లాంటును ఆపడం, మొదలవబోతోంది. మీలో చాలామంది రోజూ చేసే పని పక్కనపెట్టి వేరే పనిలోకి దిగుతారు. నా భయమంతా అక్కడే.

మన విశాఖలో జరిగినవే చూడండి. 2012 జూన్‌లో స్టీల్‌ప్లాంటులో 19 మంది చనిపోయారు. కొత్తగా కట్టిన మెల్టింగ్ షాపులో ఆక్సిజన్ యూనిట్‌కి ట్రయల్ చేస్తున్నారు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయారు. అప్పుడు ఆ క్రేన్‌ను పరీక్షిస్తున్నారు. అదే ఏడాది మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది. 12 మంది ప్రాణాలు పోయాయి. లాక్‌డౌన్ కారణంగా అక్కడ ఉత్పత్తే ఆగి ఉంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ప్లాంటు మామూలుగా నడుస్తున్న రోజు జరగలేదు.

ఎల్‌జీ సంగతి కాస్త ఆగి చెప్పాలి. స్టైరీన్ వేడెక్కితే తనంతట తానే గట్టిపడటం మొదలుపెడుతుంది. గట్టిపడేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచుతారు, గట్టిపడకుండా ఆపే టీబీసీ అనే మందు కలుపుతారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిందేమిటంటే, ఆ ట్యాంకులో వేడిని అడుగున మాత్రమే కొలిచేవారు. పైన ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు. ఊరిని లేపాల్సిన సైరన్ కూడా మోగలేదు. రీడింగ్ రోజూ రాస్తున్నారు కదా అని అందరూ ధైర్యంగా ఉన్నారు. కొలవాల్సిన చోట కొలవకపోతే ఆ రీడింగ్ ఎందుకు?

రేపు మీరు రియాక్టర్‌లోకో, ట్యాంకులోకో దిగేటప్పుడు కూడా ఇదే లెక్క. మ్యాన్‌హోల్ దగ్గర గ్యాస్ మీటర్ పెట్టి "ఓకే" అని, లోపలికి దిగేందుకు ఇచ్చే పర్మిట్ మీద సంతకం చేస్తే కుదరదు. మీటర్ గొట్టం లోపలికి దింపి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే లోపలికి వెళ్లవద్దు. ట్యాంకులో ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేసే నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. రెండు మూడు శ్వాసల్లో మనిషి కుప్పకూలిపోతాడు. అది చూసి పైనున్నవాడు "అయ్యో అన్నయ్యా" అంటూ దూకేస్తాడు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయినవాళ్లు కూడా చాలామంది పోతున్నారు. తోడబుట్టినవాడైనా సరే, గాలి సిలిండర్ లేకుండా దిగవద్దు. బయట నిలబడినవాడి పని కేక వేయడం, తాడు లాగడం, అంతే.

హెల్మెట్, బెల్ట్, గ్లౌజులు ఇచ్చేశాం కదా, ఇంకేం కావాలని కొందరు సూపర్‌వైజర్లు అంటుంటారు. అవి ఆఖరి మెట్టు. మనిషి దిగకుండా బయటినుంచే కడగగలమా అన్నది మొదట అడగాలి. కుదరకపోతే లైనుకు బ్లైండ్ వేయండి, అంటే పైపును రేకు బిళ్లతో పూర్తిగా మూసేయండి. లోపల కలియతిప్పే స్టిర్రర్ స్విచ్ ఆపితే సరిపోదు, దానికి కరెంటు ఇచ్చే బ్రేకర్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి దిగేవాడి జేబులోనే ఉండాలి. ఈ మాటమీద నేను ఎవరితోనూ రాజీపడను.

గ్రైండింగ్ నిప్పురవ్వలు పదీ పదకొండు మీటర్ల దూరం కూడా వెళ్తాయి, చుట్టూ ఉన్న డ్రమ్ములు ముందే తీసేయండి. ఎండ, శబ్దం గురించి మధ్యాహ్నం డాక్టర్‌గారు చెప్తారు.

ఇంకొక్క మాట. ప్రాణాపాయం ఉందని అనిపిస్తే ఆ సంగతి పైవాళ్లకు చెప్పే హక్కును భోపాల్ ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో కార్మికులకు ఇచ్చారు. కాంట్రాక్టు వాడినే కదా, అడిగితే రేపు గేటు పాస్ ఇవ్వరేమో అన్న టెన్షన్ మీకుందని నాకు తెలుసు. అందుకే మీ ఎదుటే సూపర్‌వైజర్లకు చెప్తున్నాను: ఒక హెల్పర్ వచ్చి "ఇది బాగాలేదు సార్" అంటే పని ఆపి చూడండి. వాడి మీద కేకలు వేశారంటే, మళ్లీ ఎవరూ మీకు ఏదీ చెప్పరు.

ఈ టేబుల్ మీద నాలుగు గ్యాసుల మీటర్ ఉంది. పర్మిట్లు రాసేవాళ్లు ముందుకు రండి, ఆన్ చేసి గొట్టం ఎలా దింపాలో చూపిస్తాను. తర్వాత ఒక్కొక్కరూ నా ఎదుట చేసి చూపించాలి.