తాళం తీసే ముందు: కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో యూజర్ ఖాతాలపై చర్చ

సంధానకర్త: నమస్కారం. ఉద్యోగం మానేసి రెండేళ్లయినా కంపెనీ కంప్యూటర్లలో మనిషి పేరు అలాగే ఉండిపోతుంది. పనిలో ఉన్న మనిషికేమో సరిగ్గా జీతాల రోజునే లాగిన్ మూసుకుపోతుంది. హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా, కంపెనీల లెక్కలూ చెల్లింపులూ నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ భద్రత చూస్తున్న నిర్వాహకురాలు, ఒక ఐటీ ఆడిటర్ మనతో ఉన్నారు. అమ్మా, లాక్ అయిందని ఫోను వస్తే మీరు మొదట ఏం చేస్తారు?

నిర్వాహకురాలు: ఎందుకు పడిందో చూస్తానండి. ఎస్‌ఏపీలో తాళానికి ఒక అంకె ఉంటుంది. 128 అంటే పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొట్టడం వల్ల దానంతటదే పడింది. 64 అంటే ఎవరో నిర్వాహకులు కావాలని వేశారు. మొదటిదాన్ని విచారించి తీయవచ్చు. రెండోదాన్ని వేసినవారిని అడగకుండా ముట్టుకోకూడదు. విచారణ ఎదుర్కొంటున్న ఉద్యోగికి వేసిన తాళాన్ని, పాపం పని ఆగిపోయిందని రాత్రి షిఫ్టులో తీసేయడం నేను చూశాను.

సంధానకర్త: పాస్‌వర్డ్ తప్పు వల్ల పడితే ఇబ్బంది లేనట్టేనా?

నిర్వాహకురాలు: అలా అనుకునే ఒకసారి తెల్లవారేదాకా కూర్చున్నాం. నెలాఖరు. బ్యాంకు చెల్లింపులు పంపే ఇంటర్‌ఫేస్ యూజర్, అంటే మనిషి కాకుండా ప్రోగ్రాం వాడే ఖాతా, లాక్ అయింది. తీశాం. ఐదు నిమిషాలకు మళ్లీ పడింది. తీశాం, మళ్లీ ఐదు నిమిషాలే. నాలుగోసారి గడియారం చూస్తే అర్థమైంది. మా దగ్గర తప్పులకు పరిమితి 5, ఇక్కడ నిమిషానికొక ప్రయత్నం. మనిషి అంత లెక్కగా తప్పు కొట్టడు. లాగిన్ ప్రయత్నాలు ఎక్కడి నుంచి వచ్చాయో రాసి ఉంచే ఆడిట్ లాగ్ తెరిస్తే అన్నీ ఒకే సర్వర్ నుంచి. ముందురోజు పాస్‌వర్డ్ మార్చినవారు ఆ సర్వర్‌లో మార్చడం మరిచిపోయారు. అక్కడ సరిచేశాక ఒక్కసారి తీస్తే సరిపోయింది.

ఆడిటర్: నేనొక మాట చెప్పాలి. తప్పు పాస్‌వర్డ్ తాళాలు మర్నాడు వాటంతటవే తెరుచుకునే అమరిక ఒకటి ఉంది. ఫోన్లు తగ్గుతాయని కొందరు దాన్ని పెట్టుకుంటారు. నేను ససేమిరా ఒప్పుకోను. దొంగకు రోజూ కొత్తగా ప్రయత్నాలు ఇచ్చినట్టే.

సంధానకర్త: మరి ఎవరూ వాడని ఖాతాల సంగతి?

ఆడిటర్: అసలు భయం అక్కడేనండి. 2021 మేలో సైబర్ దాడితో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది. తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు తీసుకెళ్లే గొట్టం అది. దొంగలు దూరింది వాడుకలో లేని ఒక వీపీఎన్ ఖాతా గుండా. వీపీఎన్ అంటే బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి. పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా, రెండో తనిఖీ లేదు. కంపెనీ దొంగలకు 75 బిట్‌కాయిన్లు విమోచన సొమ్ముగా చెల్లించింది, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు. రోజూ వాడే ఖాతా అయితే, నేను చేయని పని నా పేరు మీద ఎందుకుందని మనిషి అడుగుతాడు. వదిలేసిన ఖాతాకు అడిగే దిక్కు ఉండదు.

సంధానకర్త: అయితే తొలగిస్తే సరి కదా?

నిర్వాహకురాలు: దయచేసి ఆ పని చేయకండి. మానేసిన ఒక సహోద్యోగి ఖాతాను తొలగించాం. ఆయన పేరు మీద ఎప్పుడో పెట్టిన, రాత్రిపూట దానంతటదే నడిచే జాబ్ ఒకటి ఆ రాత్రే ఆగిపోయింది. అది ఉందని కూడా ఎవరికీ గుర్తులేదు. ముందు అలాంటివి వెతికి వేరే యూజర్ కిందకు మార్చాలి. ఆ తర్వాత తాళం వేసి, చెల్లుబాటు తేదీ ముగించి, హక్కులు తీసేసి, పేరు మాత్రం ఉంచాలి.

ఆడిటర్: అదే ఐడీని కొత్తవారికి ఇవ్వడం ఇంకా ఘోరం. మూడేళ్ల కిందటి బిల్లును ఎవరు మార్చారని చూస్తే, నిన్న చేరిన అమ్మాయి నెత్తిన పడుతుంది.

సంధానకర్త: ఎన్నాళ్లు వాడకపోతే మూసేయాలి?

ఆడిటర్: కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ 90 రోజులంటుంది. కార్డులతో సంబంధం లేని కంపెనీలు కూడా ఆ అంకెనే పట్టుకుంటాయి.

నిర్వాహకురాలు: ఆ 90 దగ్గరే నా బాధ. మన చట్టంలో మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. పసిబిడ్డను ఇంట్లో వదిలి ఉద్యోగానికి వచ్చిన తల్లి, మొదటి రోజంతా లాగిన్ కోసం బల్లల చుట్టూ తిరగాలా? సెలవులో తాళం వేయాల్సిందే, అది ఆమెకూ రక్ష. కానీ తిరిగివచ్చే తేదీ హెచ్‌ఆర్‌కు తెలుసు కదా. మాకు చెబితే ముందురోజు సాయంత్రమే తెరిచి ఉంచుతాం.

సంధానకర్త: చెబుతున్నారా?

నిర్వాహకురాలు: ఇప్పుడు చెబుతున్నారు. నాలుగు నెలలు వెంటపడ్డాను. ప్రతి శుక్రవారం చేరేవారు, వెళ్లేవారు, సెలవు ముగించుకునేవారి జాబితా వస్తోంది. మొదటి జాబితాలో, వెళ్లిపోయినవారిలో ఇద్దరికి చెల్లింపులు ఆమోదించే హక్కులు అప్పటికీ ఉన్నాయి. ఆ సాయంత్రం వాటిని మూసేశాకే ఇంటికి వెళ్లాం.