వైజాగ్ బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా: మోకాళ్ళ నొప్పులున్నా, వీల్‌చైర్ అయినా, చంటిపిల్లలున్నా హాయిగా నడవగలిగేవి ఇవే

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈ మధ్య కామెంట్స్‌లో ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మా నాన్నగారు వీల్‌చైర్‌లో ఉంటారు, వైజాగ్ తీసుకొస్తే సముద్రం పక్కన కాసేపు తిప్పడానికి ఎక్కడ బాగుంటుంది అని. అందుకే ఈ వీడియో కోసం మామ్మని, వీల్‌చైర్‌లో ఉండే పెదనాన్నగారిని, స్ట్రోలర్‌లో ఉండే మా అన్నయ్య కూతుర్ని తీసుకుని ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు ఒక్కొక్క చోటూ నడిచి చూశాం, అందుకే ఇవాళ డ్రోన్ షాట్లు తక్కువ, నేల మీద షాట్లు ఎక్కువ.

ముందు ఒక్క మాట చెప్తానండీ. ఈజీ వాక్ అంటే చాలామంది ఎన్ని కిలోమీటర్లు అని చూస్తారు, అది కాదు చూడాల్సింది. కాలి కింద నేల ఎలా ఉంది, అలిసిపోతే కూర్చోడానికి ఎంత దూరంలో చోటుంది, టాయిలెట్ ఉందా, రోడ్డు దాటేటప్పుడు బళ్ళు ఆగుతాయా, ఈ నాలుగూ బాగుంటే మూడు కిలోమీటర్లు కూడా మామ్మ నడిచేస్తుంది, ఇవి లేకపోతే రెండొందల మీటర్లు కూడా కష్టమే.

సరే, ఫస్ట్ ఆర్కే బీచ్ రోడ్డు. నా ఓటు దీనికే, కానీ తెల్లవారుజామున మాత్రమే. పొద్దున్న ఏడున్నర దాకా కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ జంక్షన్ వైపు బళ్ళు వదలరు, అంటే సుమారు మూడు కిలోమీటర్ల తారు రోడ్డు మొత్తం నడిచేవాళ్ళదే. ఆ రోడ్డు మధ్యలో పెదనాన్నగారి వీల్‌చైర్ ఎలా వెళ్తోందో చూడండి, ఎక్కడా కుదుపు లేదు, ఆయనే రెండు చేతులతో తోసుకుంటూ మా అందరికన్నా ముందు వెళ్ళిపోయారు, అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా కాలం అయింది. పక్కన యోగా చేసేవాళ్ళు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, షటిల్ ఆడేవాళ్ళు, ఇంతమంది ఉన్నా ఎవరి దారి వాళ్ళకుంటుంది. చూపు బాగా తక్కువగా ఉన్న మా ఫ్రెండ్ ఒకతను కూడా వచ్చాడు, కోస్టల్ బ్యాటరీ నుంచి బయల్దేరితే కుడి చెవి వైపు అలల చప్పుడు వస్తూనే ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం లేదు, బళ్ళు కూడా లేవు కాబట్టి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాను అన్నాడు. ఇది నేను అస్సలు ఆలోచించని పాయింట్ అండీ.

ఇంకా ఒకటి, మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. ఎండాకాలంలో ఐదున్నర లోపే తెల్లారిపోతుంది, ఏడు దాటితే ఎండ మొహం మీదే కొడుతుంది, పైగా ఉక్కపోత. కాబట్టి ఐదుంపావుకల్లా దిగిపోండి. లేచి రాలేం అనుకుంటే సాయంత్రం రండి, సూర్యుడు ఊరి వెనక్కి వెళ్ళిపోయి బిల్డింగుల నీడ పడుతుంది, గాలి బాగుంటుంది, కానీ అప్పుడు రోడ్డు మీద బళ్ళుంటాయి, ఫుట్‌పాత్ మీదే నడవాలి. ఆ ఫుట్‌పాత్ గురించి నిజం చెప్పాలి. కొన్నిచోట్ల టైల్స్ లేచిపోయాయి, ర్యాంప్ ఉన్నచోట దానికి అడ్డంగా బైకులు పెట్టేస్తున్నారు. దయచేసి అలా పెట్టకండి అండీ, మీకది ఐదు నిమిషాల పార్కింగ్, వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి అక్కడితో నడక ఆగిపోయినట్టే.

దారిలో చూడ్డానికి బోలెడు ఉన్నాయి. 1971 యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, ఆ యుద్ధంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన వైజాగ్ దగ్గర మునిగిపోయింది. ఇంకొంచెం ముందుకెళ్తే ఐఎన్ఎస్ కురుసుర, 1969లో నేవీలో చేరి 2001లో రిటైర్ అయిన సబ్‌మెరైన్, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. లోపలికి వెళ్తే అద్భుతమే కానీ గది నుంచి గదికి గుండ్రటి చిన్న కంతల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వద్దు. మామ్మ బయటే కూర్చుంది, తొంభై మీటర్ల పొడవున్న సబ్‌మెరైన్‌ని బయట నుంచి చూడ్డమే ఎక్కువ అంది. ఎదురుగా టీయూ-142, అంటే నేవీ వాడిన నిఘా విమానం, 2017లో మ్యూజియం చేశారు, విమానం లోపలికి మెట్లెక్కాలి, చుట్టూ తిరిగి చూడ్డానికి అయితే ఇబ్బంది లేదు.

ఇసుకలోకి దిగాలనుకునేవాళ్ళు కొంచెం జాగ్రత్త. ఆర్కే దగ్గర ఒడ్డు వాలు ఎక్కువ, లోపలికి లాగే అల బలంగా ఉంటుంది, ప్రాణాలు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, పిల్లల్ని పాదాలు తడిసేదాకా కూడా చెయ్యి వదిలి పంపొద్దు. ఇక్కడ ఇసుక కోసుకుపోవడానికి కారణం కూడా ఉంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణం చేస్తుంది, మధ్యలో హార్బర్ కోసం కట్టిన గోడలు దాన్ని ఆపేస్తాయి, అందుకే డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి ఒడ్డున పోస్తుంటారు. అందుకే పోయినసారి మీరు చూసిన ఒడ్డు ఈసారి అలాగే ఉంటుందనుకోవద్దు, మెట్ల కింద రెండడుగుల గొయ్యి ఉండొచ్చు. తడి ఇసుక మీద నడిస్తే గట్టిగా, హాయిగానే ఉంటుంది గానీ ఒకవైపు వాలు వల్ల ఒక మోకాలి మీదే బరువు పడుతుంది, కాసేపు అటు, కాసేపు ఇటు తిరిగి నడవండి.

నెక్స్ట్ తెన్నేటి పార్క్, జోడుగుళ్ళపాలెం దగ్గర. ఇది నడకకన్నా కూర్చోడానికి. రోడ్డు పక్కనే పార్క్, చెట్ల నీడ, కింద రాళ్ళు, ఎదురుగా సముద్రం. 2020 అక్టోబర్లో వాయుగుండం టైంలో బంగ్లాదేశ్ కార్గో నౌక ఒకటి ఇక్కడ రాళ్ళ మీదకి కొట్టుకొచ్చింది, అప్పట్లో ఊరంతా వచ్చి చూశారు. పెద్దవాళ్ళని పైన కూర్చోబెట్టండి, కిందికి దిగే మెట్లు వాళ్ళకి వద్దు.

రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, దానికి 33 షరతులుంటాయి, నీళ్ళ శుభ్రత, టాయిలెట్లు, లైఫ్‌గార్డులు అన్నీ అందులో భాగం. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నప్పుడు టాయిలెట్, బట్టలు మార్చుకునే గది ఉండడం ఎంత పెద్ద విషయమో మీకే తెలుసు. స్ట్రోలర్ కూడా పర్లేదు, గట్టి నేల ఉన్నంతవరకు. కానీ ఆదివారం సాయంత్రం మాత్రం రావద్దు, ఆ జనంలో వీల్‌చైర్ కదలదు.

మంగమారిపేట రాతి తోరణం అడిగారు చాలామంది. ఫోటోలకి సూపర్, సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దగ్గరికి వెళ్ళగలం, రాళ్ళ మీద నాచు, జారుతుంది. కాళ్ళలో బలం ఉన్నవాళ్ళకే. పెద్దవాళ్ళని వద్దంటే వద్దు.

ఇక ఎర్రమట్టి దిబ్బలు, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను ఎందుకంటే నాకు చాలా ఇష్టం. వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా చాలా వెనక్కి వెళ్ళినప్పుడు, అక్కడ బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది, అందులో ఉన్న ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, తర్వాత వానలు కోసి కోసి ఇలా లోయలు చేశాయి. తమిళనాడులో తేరి ఇసుక తప్ప మన దేశంలో ఇలాంటిది దాదాపు లేదు. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి దీనికన్నా మంచి క్లాస్‌రూమ్ లేదు, చేత్తో మట్టి తాకి చూస్తారు, ప్రశ్నలు ఆగవు. కానీ ఇసుక వదులుగా ఉంటుంది, చక్రాలు దిగిపోతాయి, పెదనాన్నగారిని ముందు భాగం దాకే తీసుకెళ్ళగలిగాం. దిబ్బల అంచులెక్కి సెల్ఫీలు వద్దు, అంచు విరిగితే మనకీ ప్రమాదమే, ఆ విరిగిన దిబ్బ మళ్ళీ తయారవదు. చెత్త మీ బ్యాగులోనే తెచ్చేసుకోండి ప్లీజ్.

చివరగా భీమిలి, మామ్మకి బాగా నచ్చింది ఇదే. వైజాగ్ నుంచి పాతిక కిలోమీటర్లు, కారు లేకపోతే 900 కె సిటీ బస్సు ఉంది. గోస్తని నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది, ఆ చివర దాకా మెల్లగా నడిచాం, నా కంటికి ఆర్కే కన్నా ఒడ్డు వాలు తక్కువ, జనం తక్కువ, చప్పుడు తక్కువ. డచ్చివాళ్ళ కాలం సమాధులున్నాయి, పాత లైట్‌హౌస్ ఉంది, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఆ పాత వీధుల్లో నడక కూడా సముద్రం పక్కన నడకంత బాగుంటుంది. కూర్చోడానికి చోట్లు మాత్రం ఆర్కే అంత దగ్గర దగ్గరగా లేవు, ఒక మడత కుర్చీ బండిలో వేసుకోండి, మేం అదే చేశాం, వంద అడుగులకోసారి మామ్మ కూర్చుంది, బజ్జీలు తింది, మళ్ళీ లేచింది.

ఎప్పుడు రావాలి అంటే నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబర్, నవంబర్లో తుఫానుల సీజన్, 2014 అక్టోబర్లో హుద్‌హుద్ ఈ బీచ్ రోడ్డుని ఏం చేసిందో ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోరు, వాతావరణ హెచ్చరిక ఉంటే ట్రిప్ మార్చుకోండి. మంచినీళ్ళు, పెద్దవాళ్ళ మందులు, టోపీ, పాదానికి గట్టిగా పట్టుకునే చెప్పులు తప్పనిసరి.

మీలో వీల్‌చైర్ వాడేవాళ్ళు, చేతికర్రతో నడిచేవాళ్ళు ఈ దారుల్లో వెళ్ళి ఉంటే ఏ ర్యాంప్ బాగుంది, ఏది మూసుకుపోయింది కామెంట్లో రాయండి, పైన పిన్ చేస్తాను. తర్వాతి వీడియోకి కాకినాడ, ఉప్పాడ వైపు వెళ్తున్నాం, అక్కడివాళ్ళెవరైనా ఉంటే నేల గట్టిగా ఉన్న చోట్లు ముందే చెప్పండి.