వీలునామాలో ఆఖరి పేజీ
(న్యూజెర్సీలో తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన కార్యవర్గానికి, పొద్దున్నుంచి ఉగాది పచ్చడి కలుపుతూ, పులిహోర సర్దుతూ ఇంకా హాల్లోకి రాని అక్కచెల్లెళ్లకు, కుర్చీలూ స్పీకర్లూ మోసిన కుర్రాళ్లకు పేరుపేరునా నమస్కారాలు. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. పంచాంగ శ్రవణం అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. రాబోయే ఏడాది సంగతులు ఇప్పుడే విన్నారు. ఇక నాలుగు వందల ఏళ్ల కిందటి సంగతులు కాసేపు ఓపిగ్గా వినమని కోరుతున్నాను.

నాకిచ్చిన అంశం అమెరికాలో స్థిరపడిన డచ్చి కుటుంబాల వంశ చరిత్ర ఎలా వెతకాలి అనేది. నేను హడ్సన్ నది ఒడ్డున కింగ్‌స్టన్‌లో ఉంటాను. స్కూలు లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పాత చర్చి రిజిస్టర్లు, వీలునామాలు చదివి శుద్ధప్రతి రాసిపెట్టే పనిలోకి దిగాను. తాతముత్తాతల పేర్లు కావాలని ఎవరైనా వస్తే దగ్గర కూర్చుని వెతికిపెడుతుంటాను.

ఉగాది పూట మనకు డచ్చివాళ్ల ఊసెందుకని ఇందాక ఒక బాబాయిగారు అడిగారు. బాబాయిగారూ, రెండు కారణాలున్నాయి. మనం ఇళ్లు కొనుక్కున్న ఈ రారిటన్ లోయ, అటు హాకెన్‌సాక్, బెర్గెన్ ప్రాంతం డచ్చి రైతులు దున్నిన నేల. ముందు వరుసలో కూర్చున్న మన పిల్లలు చదువుతున్న రట్గర్స్‌ను 1766లో క్వీన్స్ కాలేజీ అనే పేరుతో స్థాపించింది డచ్చి రిఫార్మ్‌డ్ చర్చివాళ్లు. రెండోది, 1609లో హెన్రీ హడ్సన్‌ని ఓడెక్కించి ఈ తీరానికి పంపిన డచ్చి ఈస్టిండియా కంపెనీ అప్పటికే మన మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. ఒకే కంపెనీ, ఒకే దశాబ్దం. మచిలీపట్నంలో కలంకారీ బట్ట కొన్నవాళ్లకూ, ఇక్కడ బీవరు తోళ్ల జాడ పట్టినవాళ్లకూ జీతాలిచ్చిన ఖజానా ఒకటే.

సరే, అసలు సంగతికి వస్తాను. 1624లో 'న్యూ నెదర్లండ్' అనే ఓడలో సుమారు 30 కుటుంబాలు వచ్చాయి. డచ్చివాళ్లు అంటామే గానీ వాళ్లలో ఎక్కువమంది వాలూన్లు, ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. ఆ తొలి వలసదారుల్లో కాటలీనా త్రికో అనే అమ్మాయికి 1625 జూన్‌లో, ఇప్పటి ఆల్బనీ ఉన్నచోట, సారా రాపెల్యే అనే కూతురు పుట్టింది. ఆ సారా సంతతి ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు. తరవాత వచ్చిన ఆనెకె యాన్స్ అనే ఆవిడ నార్వే మనిషి. డచ్చి వంశమని మొదలుపెట్టి వెనక్కి వెళితే జర్మనీ తేలుతుంది, నార్వే తేలుతుంది, ఫ్రాన్సు నుంచి మతం కోసం పారిపోయి వచ్చినవాళ్లు తేలతారు. నా దగ్గరకు వచ్చేవాళ్లకు ముందుగా ఈ మాటే చెబుతాను.

ఆనెకె పేరు ఎత్తాను కాబట్టి ఆ కథ కూడా చెప్పాలి. 1663లో చనిపోయిన ఆ వితంతువుకు మన్‌హటన్‌లో 62 ఎకరాల పొలం ఉండేది. ఆ భూమి చివరికి ట్రినిటీ చర్చి చేతికి వెళ్లింది. వారసుల్లో ఒకరి తరఫు సంతకం అమ్మకం కాగితం మీద లేదని పట్టుకుని రెండు శతాబ్దాల పాటు వ్యాజ్యాలు నడిచాయి. ఆమె హాలెండు రాజుగారి మనవరాలని ఒక కథ పుట్టించారు. ఆస్తి రాబోతోంది, వారసులు చందా కట్టండి అంటూ సంఘాలు పెట్టి అమాయకుల దగ్గర డబ్బు గుంజారు. రాచరక్తమూ నిజం కాదు, ఆస్తీ రాలేదు. వంశం వెతికేవాళ్లకు రాజుల మీద ఆశ పుట్టిందంటే ఇక కాగితం కనబడదు. మనలోనూ మా మూలపురుషుడు ఫలానా సంస్థానానికి దివాన్ అని మొదలుపెట్టేవారున్నారు. దయచేసి ముందు మీ అమ్మమ్మ పూర్తి పేరు రాయండి, ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా.

ఇంతకీ చెబుతున్నది పేర్ల గురించి. ఆ కాలపు డచ్చివాళ్లలో చాలామందికి ఇంటిపేరు లేదు. యాన్ కొడుకు పీటర్ అయితే పీటర్ యాన్సెన్. పీటర్ కొడుకు పీటర్సెన్. తరం మారితే రెండో పేరు మారిపోతుంది. 1664లో ఇంగ్లీషువాళ్లు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను, అంటే ఇప్పటి న్యూయార్క్‌ను పట్టుకున్నాక వాళ్ల పద్ధతి అలవాటై, వచ్చిన ఊరి పేరో తండ్రి పేరో స్థిరపడిపోయింది. క్లాస్ మార్టెన్సెన్ వాన్ రోజెన్‌వెల్ట్ అనే మనిషి వచ్చాడు. ఆయన కొడుకు రూజ్‌వెల్ట్ అయ్యాడు. ఆ కొడుకు పిల్లల్లో ఒకరి శాఖలో థియోడర్, ఇంకొకరి శాఖలో ఫ్రాంక్లిన్ పుట్టి ఇద్దరూ దేశాధ్యక్షులయ్యారు. డె బిల్ట్ అనే ఊరి నుంచి వచ్చిన కూలీ యాన్ ఆర్ట్సెన్ వారసులే కోటీశ్వరులైన వాండర్‌బిల్టులు. వలసదారులను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో గుమస్తాలు పేర్లు మార్చేశారని అందరూ చెబుతుంటారు. ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో. అక్కడివాళ్లు ఓడ పట్టికలో ఉన్న పేరును సరిచూసుకునేవాళ్లు, కొత్త పేరు పెట్టేవాళ్లు కాదు. పేర్లను మార్చుకున్నది ఎక్కువగా ఆ కుటుంబాలే, మెల్లమెల్లగా, పొరుగువాళ్ల నోటికి తగినట్టు.

అలాంటప్పుడు మనిషిని పట్టుకోవడం ఎలా? బాప్తిస్మం రిజిస్టరే దారి. న్యూయార్క్ డచ్చి చర్చి రిజిస్టర్లు 1639 నుంచి ఉన్నాయి. మా కింగ్‌స్టన్‌వి 1660 నుంచి. అందులో చాలావరకు తండ్రి పేరు, బిడ్డ పేరు, తల్లి పేరు, సాక్షుల పేర్లు ఉంటాయి. సాక్షులు ఊరికే నిలబడ్డవాళ్లు కాదు, చాలాసార్లు తాతో మేనత్తో పినతండ్రో అయి ఉంటారు. తాత పేరు మనవడికి, అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టడం మనకున్నట్టే వాళ్లకూ ఉంది, ఆ వరుస పట్టుకుంటే రెండు తరాలు వెనక్కి వెళ్లిపోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చేది తల్లి పేరు. డచ్చి ఆచారంలో పెళ్లయినా ఆడమనిషి తన పేరుతోనే ఉండేది. రిజిస్టర్‌లో, దస్తావేజులో, కోర్టులో ఆమె పుట్టింటి పేరే కనిపిస్తుంది. ఇంగ్లీషు చట్టం గట్టిపడిన కొద్దీ ఆ పేర్లు మాయమై, ఫలానా ఆయన భార్య అనే మాట మిగిలింది. అమ్మా, మీరు గ్రీన్‌కార్డు కాగితాలు నింపేటప్పుడు ఏ పేరు రాశారు? పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే పేరు తెలియదని అర్థమొచ్చే ఎఫ్.ఎన్.యు. అనే మూడక్షరాలు వీసా మీద ముద్ర పడిన ఆడపిల్లలు మనలో ఎందరున్నారు? వందేళ్ల తర్వాత మీ మునిమనవరాలు మిమ్మల్ని ఎలా వెతుక్కుంటుంది?

పందొమ్మిదో శతాబ్దపు వలస గురించి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళతాను. బంగాళాదుంప తెగులు, చర్చిలో చీలిక, ఈ రెండూ కలిసి 1847లో వాన్ రాల్టే అనే మతాచార్యుడి వెంట కొందరిని మిషిగన్‌లోని హాలెండుకు, స్కోల్టే వెంట కొందరిని అయోవాలోని పెల్లాకు చేర్చాయి. అదే ఏడాది నవంబరులో ఫీనిక్స్ అనే ఆవిరి ఓడ మిషిగన్ సరస్సులో షిబోయిగన్ దగ్గర తగలబడి, ఒడ్డు కనిపిస్తుండగా వందలమంది డచ్చి వలసదారులు చనిపోయారు. ఈ తరం వాళ్లను వెతకడం కొంత తేలిక. నెదర్లండ్స్‌లో 1811 నుంచి ప్రభుత్వమే జనన మరణ వివాహాలు నమోదు చేసింది. ఆ రికార్డులను ఇవాళ ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు.

ఇంతవరకూ నన్ను చెప్పమన్నది చెప్పాను. ఇక నేను చెప్పాలని వచ్చినది వినండి.

మా వైపు ఒక పాత కుటుంబం కోసం వంశవృక్షం తయారుచేశాను. వాళ్ల పేరు చెప్పను. ఎన్నో నెలలు పట్టింది. పద్దెనిమిదో శతాబ్దపు వీలునామా ఒకటి, దానికి జతచేసిన ఆస్తుల జాబితా దొరికాయి. జాబితా ఆఖరి పేజీలో గొర్రెలు, ఇత్తడి కెటిలు, ఈకల పరుపులు, వాటి మధ్య నలుగురు మనుషులు ఉన్నారు. ఇంటిపేర్లు లేవు, పక్కన ధరలున్నాయి. ఆ పేజీ కూడా కలిపి ఇచ్చాను. కుటుంబ పెద్ద అంతా చూసి, చాలా బాగుందమ్మా, ఆ ఆఖరి పేజీ మాత్రం తీసేయండి, అది మా వంశానికి సంబంధించింది కాదు కదా అన్నారు.

నేను తీయలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు. ఆ నలుగురూ ఆ ఇంట్లోనే పుట్టారు. ఆ ఇంటి పిల్లలకు పాలిచ్చింది వాళ్లలో ఒకామె కావచ్చు. ఆ ఇంటి భాషే వాళ్ల భాష. 1790 జనాభా లెక్కల్లో బ్రూక్లిన్ ఉన్న కింగ్స్ కౌంటీ చూడండి. డచ్చి పొలాల కౌంటీ అది. 4,495 మందిలో 1,432 మంది బానిసలు. ఇంచుమించు ప్రతి ముగ్గురిలో ఒకరు. వాళ్లను వదిలేసి ఆ కౌంటీలో ఏ వంశం కథ రాస్తాం?

మా అల్స్టర్ కౌంటీలోనే 1797 ప్రాంతంలో ఇసబెల్లా అనే పిల్ల పుట్టింది. యజమాని హార్డెన్‌బర్గ్. రట్గర్స్ పిల్లలూ, మీ కాలేజీ మొదటి అధ్యక్షుడు జేకబ్ హార్డెన్‌బర్గ్‌ది కూడా అదే వంశం. ఆ పిల్లకు వచ్చిన మొదటి భాష డచ్చి. తల్లి పేరు బెట్, తండ్రి జేమ్స్. పది పన్నెండుమంది పిల్లలు పుడితే ఇసబెల్లాకు ఊహ తెలిసేసరికి దాదాపు అందరినీ అమ్మేశారు. మైకేల్ అనే అయిదేళ్ల అన్నను, నాన్సీ అనే మూడేళ్ల అక్కను ఒకే రోజు మంచుబండిలో ఎక్కించి తీసుకెళ్లారు. చెల్లెల్ని బండిపెట్టెలో పెట్టి మూత వేయడం చూసి ఆ పిల్లవాడు ఇంట్లోకి పరుగెత్తి మంచం కింద దాక్కున్నాడు. ఈ సంగతులన్నీ ఇసబెల్లా కళ్లతో చూసినవి కావు. రాత్రిళ్లు తల్లి చెబితే విన్నది. ఆ తల్లికి రాయడం రాదు, చర్చి రిజిస్టర్ లేదు. పోయిన పిల్లల పేర్లు నోటితో చెప్పడమే ఆమె చేతిలో ఉన్న పని.

1806లో, తొమ్మిదేళ్ల వయసులో, ఇసబెల్లాను గొర్రెల మందతో కలిపి 100 డాలర్లకు వేలంలో అమ్మారు. కొన్నవాళ్లకు డచ్చి రాదు, ఈ పిల్లకు ఇంగ్లీషు రాదు. చెప్పింది అర్థం కాలేదని కొట్టారు. చేతులు మారుతూ పెరిగింది, బిడ్డల తల్లి అయింది. 1826 చివర్లో చంటిపిల్లను చంకనెత్తుకుని నడిచి వెళ్లిపోయింది. వాన్ వాగెనెన్ అనే దంపతులు ఆశ్రయమిచ్చి, యజమానికి తల్లికని 20 డాలర్లు, బిడ్డకని 5 డాలర్లు కట్టారు. ఆమె వాళ్ల ఇంటిపేరే పెట్టుకుంది. చూశారా, డచ్చి ఇంటిపేరు ఒక నల్లజాతి స్త్రీకి వచ్చింది. పేరు చూసి రక్తసంబంధం అనుకునేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు.

ఆమె కొడుకు పీటర్‌ను చట్టవిరుద్ధంగా అలబామాకు అమ్మేశారు. ఆమె మా కింగ్‌స్టన్ కోర్టుకెక్కింది. 1828లో గెలిచి బిడ్డను తెచ్చుకుంది. కోర్టులో ఆ పిల్లవాడు భయంతో వణికిపోతూ ఈమె మా అమ్మ కాదన్నాడు. ఇంటికొచ్చాక చూస్తే ఒంటినిండా కొరడా మచ్చలు. ఆ వ్యాజ్యం కాగితాలు కనబడకుండా పోయి, 2022లో ఆల్బనీలో న్యూయార్క్ రాష్ట్ర పత్ర భాండాగారంలో దొరికాయి. ఇసబెల్లా వాన్ వాగెనెన్ పేరున ఉండటంతో ఇన్నాళ్లూ ఎవరూ గుర్తుపట్టలేదు. ఎందుకంటే బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా ప్రసంగించిన ఆమె తర్వాతి పేరే లోకానికి తెలుసు: సొజర్నర్ ట్రూత్.

ఇంకొక్క సంగతి, అధ్యక్షులవారు టైము చూస్తున్నారు, అయినా ఇది చెప్పకుండా దిగలేను. న్యూయార్క్ చేరాక ఆమె ఒక నల్లజాతివారి చర్చికి వెళ్లేది. అక్కడ ఒక పెద్దామెతో కలిసి ప్రార్థన చేసేది, చేతులు పట్టుకునేది. ఆ పెద్దామె చనిపోయాక అన్న చెబితే తెలిసింది, ఆవిడ మంచుబండిలో వెళ్లిపోయిన అక్క నాన్సీ అని. ఆ చెయ్యి ముట్టుకున్నప్పుడే నా చెయ్యిలాగే ఎముకలు గట్టిగా ఉన్నాయనిపించిందే, ఎందుకు తెలుసుకోలేకపోయానని ఏడ్చింది. వంశవృక్షం లేకపోవడమంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రెండు చేతుల వల్ల. రాజుల కోసం వెతకడం మానేయమని నేను బతిమాలేది అందుకే.

1644లో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో పదకొండుమంది బానిసలకు డచ్చి వెస్టిండియా కంపెనీ సగం స్వేచ్ఛ ఇచ్చింది. ఏటా ధాన్యం, ఒక బలిసిన పంది కప్పం కట్టాలి, పిల్లలు మాత్రం బానిసలుగానే ఉండాలి. వాళ్ల పేర్లు చూడండి: పౌలో అంగోలా, సైమన్ కాంగో, పీటర్ సాంటోమీ. ఊరే ఇంటిపేరు. దక్షిణాఫ్రికాలోని కేప్‌లో 1657లో ఒకామెను బటావియా, అంటే ఇప్పటి జకార్తా నుంచి ఖైదీగా తెచ్చి దించారు, పేరు గ్రోటె కాట్రేన్ వాన్ పలియకట్టె. పలియకట్టె అంటే మన ప్రళయకావేరి, పులికాట్. డచ్చివాళ్ల గెల్డ్రియా కోట ఉన్న ఊరు. ఆ శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా మన తీరం మనుషుల్ని ఓడలకెక్కించి అమ్మారు. కాట్రేన్ కొడుకు నుంచి స్నైమన్ అనే పెద్ద ఆఫ్రికానర్ వంశం, అంటే దక్షిణాఫ్రికాలో డచ్చి మూలాల తెల్లవారిగా చెప్పుకునే వంశం వచ్చింది. ఆమె ఇంట్లో ఏ భాష మాట్లాడేవారో కాగితంలో లేదు. ఊరి పేరు ఒక్కటే మిగిలింది.

కాబట్టి నా విన్నపం ఇది. న్యూజెర్సీలో బానిసత్వం రద్దుకు 1804లో చట్టం వచ్చినా పూర్తిగా పోవడానికి అంతర్యుద్ధం ముగియాల్సి వచ్చింది. అంటే ఇక్కడి పాత వీలునామాల్లో అలాంటి ఆఖరి పేజీలు చాలా ఉన్నాయి. వాటిలోని ఒంటరి పేర్లను పట్టిక చేసి పెడితే, ఇవాళ తమవాళ్లను వెతుక్కుంటున్న నల్లజాతి కుటుంబాలకు పనికొస్తుంది. మీలో సెలవురోజు ఒక పూట కేటాయించగలిగేవాళ్లు కావాలి. డచ్చి రానక్కర్లేదు, ఆ కాలానికి వీలునామాలు చాలావరకు ఇంగ్లీషులోకి మారిపోయాయి. పాత చేతిరాత చదవడం నేను నేర్పుతాను. భోజనాల దగ్గర కుడివైపు బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. పేరు, ఊరు రాయండి. అక్కచెల్లెళ్లూ, మీరు మాత్రం పుట్టింటి ఇంటిపేరు కూడా రాయండి. సెలవు.