లేహ్‌లో ఊపిరి ఆడకపోవడానికి కారణం చెట్లు కాదు

నమస్కారం. లద్దాఖ్ ప్రయాణం గురించి తెలుగులో వచ్చే వీడియోలలోనూ, టూరు బృందాల వాట్సాప్ సందేశాలలోనూ ఒక మాట ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. "అక్కడ చెట్లు ఉండవు కాబట్టి ఆక్సిజన్ తక్కువ, అందుకే ఊపిరి ఆడదు" అన్నది ఆ మాట. అది విన్న ప్రతిసారీ నాకు చికాకు కలుగుతుంది, ఎందుకంటే కారణాన్ని తప్పుగా అర్థం చేసుకున్నవారు జాగ్రత్తలు కూడా తప్పుగానే తీసుకుంటారు. చెట్లు లేకపోవడమే సమస్య అనుకున్న మనిషి సంచిలో కర్పూరం, ఒక ఆక్సిజన్ డబ్బా వేసుకుని, లేహ్‌లో విమానం దిగిన మరునాడే పాంగోంగ్ సరస్సుకు కారు మాట్లాడుకుంటాడు. ఆ సరస్సు లేహ్ కన్నా 700 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడికి వెళ్లే దారిలో దాటవలసిన చాంగ్ లా కనుమ 5,300 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది.

ముందుగా చెట్ల సంగతి తేల్చుకుందాం. గాలిలో ఆక్సిజన్ వాటా 20.9 శాతం. విశాఖ బీచ్‌లో ఎంత శాతమో లేహ్ బజారులోనూ అంతే శాతం, ఎవరెస్టు శిఖరం మీద కూడా అంతే శాతం. వాతావరణం నిరంతరం కలగలిసిపోతూ ఉంటుంది కాబట్టి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు వరకు ఈ వాటా మారదు. చెట్లే కారణమైతే సముద్రం నడుమ ఓడలో ఉన్నవారికి, జైసల్మేర్ ఎడారిలో ఉన్నవారికి ఊపిరి ఆడకూడదు. అంతెందుకు, చుట్టూ అడవి ఉన్న మన అరకులోనే గాలి పీడనం విశాఖ తీరం కన్నా దాదాపు పదో వంతు తక్కువగా ఉంటుంది. అక్కడ చెట్లకు ఏ లోటూ లేదు.

మరి లేహ్‌లో తగ్గినది ఏమిటి? దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పత్తి గది. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు వైపు ఊళ్లలో ధర పెరిగే దాకా అమ్మకూడదనుకున్న రైతు, తీసిన పత్తిని ఇంట్లో ఒక గది నిండా పైకప్పు దాకా నింపుతాడు. ఆ గదిలో అడుగున ఉన్న పత్తి పైనున్న బరువంతా మీద పడి గట్టిగా అణిగిపోయి ఉంటుంది, పైన ఉన్నది వదులుగా ఉంటుంది. ఇప్పుడు అడుగు నుంచి ఒక గుప్పెడు, పై నుంచి ఒక గుప్పెడు తీయండి. రెండు గుప్పెళ్లలోనూ గింజకూ దూదికీ ఉన్న నిష్పత్తి ఒకటే, ఎందుకంటే అది ఒకే చేను పత్తి. కానీ అడుగు గుప్పెడులో గింజలు ఎక్కువ, పై గుప్పెడులో తక్కువ. గింజలు ఆక్సిజన్ అనుకోండి, దూది నైట్రోజన్ అనుకోండి, గుప్పెడు అంటే మనం పీల్చే ఒక్క ఊపిరి. మనం ఆ గది అడుగున పుట్టి పెరిగినవాళ్లం. లేహ్‌కు వెళ్లడమంటే అదే గదిలో పైకి ఎక్కి, అదే పత్తిని వదులుగా ఉన్నచోట గుప్పెట పట్టడం.

లెక్కల్లో చూద్దాం. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అది దాదాపు 65 శాతానికి పడిపోతుంది, అంటే అక్కడ మూడు గుప్పెళ్లు పట్టినా, కింద రెండు గుప్పెళ్లలో దొరికినన్ని గింజలు కూడా రావు. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీదికి వెళితే సగం కన్నా కాస్తే ఎక్కువ మిగులుతుంది. (ఆ కనుమ మీద ఎన్నో ఏళ్లు 18,380 అడుగులు అని బోర్డు ఉండేది. తర్వాతి కొలతల ప్రకారం అసలు ఎత్తు 17,582 అడుగులు. ఇప్పటికీ పాత అంకెనే చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి.)

ఈ తేడాను కళ్లారా చూడాలంటే నా ముందున్న ఈ ప్లాస్టిక్ నీళ్ల సీసాను చూడండి. ఖర్దుంగ్ లా మీద నీళ్లు తాగేసి, ఖాళీ సీసాకు మూత గట్టిగా బిగించి కిందికి తెచ్చినది ఇది. దీని పొట్ట రెండు వైపులా లోపలికి నొక్కుకుపోయి, ప్లాస్టిక్ మీద ముడతలు పడి ఉన్నాయి. దీన్ని ఎవరూ నలపలేదు. కనుమ మీది పలచని గాలి లోపల ఉండిపోయింది, కింద ఉన్న బరువైన గాలి బయటి నుంచి నొక్కింది. ఇదే పని తిరగేసి జరిగితే, మైదానంలో సీలు వేసిన చిప్స్ ప్యాకెట్ లేహ్ దుకాణంలో పగిలిపోయేలా ఉబ్బి కనిపిస్తుంది. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా పప్పు ఉడకడం కష్టం. ఇవన్నీ పీడనం పనులే, వీటిలో దేనికీ చెట్లతో సంబంధం లేదు.

ఇక శరీరం ఏం చేస్తుందో చూద్దాం. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అత్యంత అద్భుతమైన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. గుప్పెడులో గింజలు తగ్గాయని తెలియగానే శరీరం చేసే మొదటి పని గుప్పెళ్ల సంఖ్య పెంచడం. మనకు తెలియకుండానే వేగంగా, లోతుగా ఊపిరి తీస్తాం. కానీ ఊపిరి పెరిగేసరికి రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. ఊపిరిని నడిపించే మెదడు భాగం చాలావరకు ఆక్సిజన్‌ను బట్టి కాక కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి పనిచేస్తుంది కాబట్టి, అది తగ్గగానే "ఇక చాలు" అని ఊపిరిని ఆపుతుంది. అందుకే మొదటి రాత్రులలో నిద్రపోతున్న మనిషి కొన్నిసార్లు వేగంగా ఊపిరి తీసి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి, ఉలిక్కిపడి లేస్తాడు. పక్కన పడుకున్నవారు భయపడిపోతారు గానీ, ఆ ఎత్తులో అది చాలామందికి జరిగేదే.

ఈ చిక్కును విడదీసేవి మూత్రపిండాలు. అవి రక్తంలోని బైకార్బొనేట్‌ను మూత్రం ద్వారా బయటికి పంపి, రక్తాన్ని మళ్లీ సమస్థితికి తెస్తాయి, దాంతో ఊపిరి మీద పడిన ఆ అడ్డు తొలగిపోతుంది. ఈ పనికి వాటికి కొన్ని రోజులు పడుతుంది. లేహ్‌లో దిగగానే కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోమని చెప్పడానికి ఉన్న అసలు కారణం ఇదే. డాక్టర్లు రాసే డయామాక్స్ అనే మందు కూడా ఇదే పనిని వేగవంతం చేస్తుంది. సల్ఫా మందులు పడనివారు దాని గురించి ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. గింజలను మోసుకెళ్లే కూలీలు, అంటే ఎర్ర రక్తకణాలు, పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. వారం రోజుల టూరులో ఆ కొత్త కూలీల సాయం మనకు పెద్దగా అందదు.

"నేను రోజూ జిమ్‌కు వెళ్తాను, నాకేం కాదు" అనేవారికి చరిత్రలోనే సమాధానం ఉంది. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి వేల మంది భారత సైనికులను ఉన్నట్టుండి హిమాలయాల ఎత్తులకు తరలించవలసి వచ్చింది. 11,000 నుంచి 18,000 అడుగుల ఎత్తులకు చేరిన 1,925 మంది సైనికులను పరిశీలించి, ఇందర్ సింగ్ నాయకత్వంలో మన వైద్యులు 1969లో ప్రచురించిన పత్రం, ఎత్తుల వల్ల వచ్చే ఈ జబ్బు అధ్యయనంలో ప్రపంచమంతటా ఉదహరించే మైలురాయిగా నిలిచింది. ఆ సైనికులు యువకులు, ఆరోగ్యవంతులు, రోజూ కసరత్తు చేసేవారు. అయినా జబ్బుపడ్డారు. నేటికీ సైన్యం తన జవాన్లను 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, తర్వాత 15,000 అడుగుల వరకు మరో 4 రోజులు, ఆపై ఎత్తులలో ఇంకో 4 రోజులు అలవాటు పడనిచ్చిన తర్వాతే పనిలోకి దింపుతుంది. కండబలం ఉన్నవారికి నిజానికి ఒక అదనపు ప్రమాదం ఉంది, వారు మొదటి రోజే మెట్లెక్కేస్తారు.

టిబెట్ వాసుల విషయం వేరు. వారిలో చాలామందికి ఉన్న ఈపీఏఎస్1 అనే జన్యు రూపం, కూలీల సంఖ్యను అతిగా పెంచకుండానే ఆ ఎత్తులో బతికే వీలు కల్పిస్తుంది. అది డెనిసోవన్లు అనే అంతరించిన మానవజాతి నుంచి వచ్చిందని 2014లో తేలింది. ఆ జాతి వారి దవడ ఎముక ఒకటి టిబెట్ పీఠభూమి అంచున, 3,280 మీటర్ల ఎత్తులోని ఒక గుహలో, 1980లో ఒక బౌద్ధ భిక్షువుకు దొరికింది. అది ఎవరిదో శాస్త్రవేత్తలు 2019లో గాని ప్రకటించలేకపోయారు. తరతరాలుగా గది పైభాగంలోనే బతికినవారితో మనం మెట్ల మీద పోటీ పడడం అర్థం లేని పని.

ఇప్పుడు దారుల సంగతి. "విమానం కన్నా రోడ్డు మంచిది" అని అందరూ చెబుతారు, కానీ ఏ రోడ్డో చెప్పరు. శ్రీనగర్ దారిలో జోజి లా దాటాక రాత్రి బస సాధారణంగా కార్గిల్‌లో ఉంటుంది, దాని ఎత్తు 2,676 మీటర్లు. మనాలి దారి అలాంటిది కాదు. సుమారు 2,000 మీటర్ల మనాలి నుంచి బయల్దేరినవారు మొదటి రాత్రి సర్చులో పడుకుంటే అది దాదాపు 4,300 మీటర్లు, అంటే లేహ్ కన్నా చాలా ఎత్తు. విమానంలో నేరుగా లేహ్‌కు వచ్చినవారి కన్నా వీరి మొదటి రాత్రే ఎక్కువ కష్టంగా గడుస్తుంది. లెక్క చూడవలసినది పగలు దాటిన కనుమ ఎత్తు కన్నా రాత్రి తల వాల్చిన చోటి ఎత్తునే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలని పర్వత వైద్య నిపుణులు చెబుతారు.

విమానంలో వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పే సలహా ఒకటి ఉంది. వీలైతే విమానాశ్రయం నుంచి తిన్నగా సింధు నది వెంబడి కిందికి, సుమారు 3,100 మీటర్ల ఎత్తున్న ఆల్చికి వెళ్లి మొదటి రెండు రాత్రులు అక్కడే ఉండండి. ఆల్చి గోంపా, అంటే బౌద్ధ మఠం, కొండ మీద లేదు, ఊరి మధ్యలో చదునైన నేల మీద ఉంది, మెట్ల బాధ లేదు. అక్కడి మూడంతస్తుల సుమ్‌త్సెక్ ఆలయంలో నిలువెత్తుకు రెండింతలు మించిన మూడు బోధిసత్వ విగ్రహాలు ఉన్నాయి. చీకటిలో కళ్లు అలవాటు పడేదాకా నిలబడి వాటి ధోవతులను చూడండి. మైత్రేయుడి ధోవతి నిండా బుద్ధుడి జీవిత ఘట్టాలు, మంజుశ్రీ ధోవతి మీద ఎనభై నలుగురు సిద్ధులు, అవలోకితేశ్వరుడి ధోవతి మీద ఆలయాలు, రాజభవనాలు చిన్న చిన్న బొమ్మలుగా గీసి ఉన్నాయి. ఆయాసపడుతూ, తల పట్టుకుని, పావుగంటలో ఫొటోలు దిగి వెళ్లిపోయే చోటు కాదది. పైగా లోపల ఫొటోలు తీయనివ్వరు.

ఈ మాట మన వాళ్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నాను. బుద్ధుడు కాలచక్ర తంత్రమనే బౌద్ధ సాధనను మన ధాన్యకటకంలోనే, అంటే అమరావతిలోనే, ఉపదేశించాడని టిబెటన్ బౌద్ధుల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో నిర్వహించిన కాలచక్ర ఉత్సవమే 2014 జులైలో లేహ్‌లోనూ జరిగింది. అంత అనుబంధం ఉన్న చోటికి వెళ్లినప్పుడు గోంపాలను తీరిగ్గా చూడగలిగే ఒంటి స్థితి ఉండాలని నా కోరిక. తిక్సే, దిస్కిత్ గోంపాల మెట్లు మూడో రోజు తర్వాతకు పెట్టుకోండి.

సమయం మించిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. కర్పూరం వాసన ముక్కులో చల్లగా అనిపిస్తుంది, అంతకు మించి అది ఒక్క గింజను కూడా ఇవ్వదు, పొరపాటున మింగితే విషం. చేతి ఆక్సిజన్ డబ్బాలో ఉండేది కొన్ని లీటర్లే. విశ్రాంతిగా కూర్చున్న మనిషే నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు కాబట్టి అది నిమిషాలలో ఖాళీ అవుతుంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో మొదటి రోజు 85, 90 మధ్య అంకె కనిపిస్తే, మనిషి బాగానే ఉంటే, ఆ అంకె ఒక్కదానికే బెంబేలెత్తకండి. మొదటి రెండు రాత్రులు మద్యం, నిద్రమాత్రలు వద్దు, అవి నిద్రలో ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, గర్భిణులు టికెట్లు కొనకముందే డాక్టరును అడగండి.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఉన్న ఎత్తులోనే ఆగిపోవాలి, తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, పెదవులు నీలంగా మారడం, దగ్గుతో నురగ రావడం ఊపిరితిత్తులలో నీరు చేరుతున్న గుర్తులు. ఇది ఎక్కువగా రెండో రాత్రికీ నాలుగో రాత్రికీ మధ్య బయటపడుతుంది. మాట తడబడడం, తిన్నని గీత మీద మడమకు మునివేళ్లు ఆనించి నడవలేకపోవడం మెదడు వాస్తున్న గుర్తులు. ఇలాంటప్పుడు తెల్లవారే దాకా ఆగకూడదు. లేహ్‌లో ఉంటే వెంటనే సోనమ్ నోర్బు ఆసుపత్రికి, బయట ఉంటే తక్కువ ఎత్తుకు తీసుకువెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. పాంగోంగ్ దగ్గర ఈ పరిస్థితి వస్తే మామూలు దారిలో లేహ్‌కు దిగడానికి కూడా ముందు చాంగ్ లా ఎక్కాలి. నుబ్రా లోయ లేహ్ కన్నా కాస్త తక్కువ ఎత్తులో ఉన్నా, అక్కడి నుంచి వెనక్కి రావాలంటే సాధారణంగా ఖర్దుంగ్ లా దాటక తప్పదు. కాబట్టి ఆ రెండింటిలో దేనికి బయల్దేరేటప్పుడైనా, ఆ ఉదయం కారు ఎక్కే ముందు మీతో వస్తున్న ప్రతి ఒక్కరినీ తలనొప్పి ఉందా అని అడగండి. ఎవరికి ఉన్నా ఆ రోజు ప్రయాణం మానుకోండి.