పుర్రె జెండా ఎగిరే స్టేడియం

మిత్రులందరికీ నమస్కారం.

జర్మనీలోని హాంబర్గ్ రేవు పక్కన సాంక్ట్ పౌలి అని ఒక పేట ఉంది. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు 1910 నాటిది. చాలా ఏళ్లు అదీ అన్నిటిలాంటి క్లబ్బే.

1981లో ఆ పేటలోనే, హాఫెన్‌స్ట్రాసె వీధిలో ఖాళీగా పడి ఉన్న ఇళ్లలో కొందరు కుర్రాళ్లు కాపురం పెట్టారు. వాళ్లలో పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం వాళ్లు చాలామంది. పోలీసులు ఖాళీ చేయించడానికి వస్తే ఎదురు నిలబడ్డారు. ఆ క్లబ్బు ఆడే మిల్లెర్న్‌టోర్ స్టేడియం అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. ఆ రోజుల్లో జర్మనీ స్టేడియాల్లో హిట్లర్ భావాలను నమ్మే నియో నాజీలు మనుషుల్ని చేర్చుకునేవారు, నల్లజాతి ఆటగాళ్లను చూసి కోతికూతలు కూసేవారు. అది భరించలేనివాళ్లు ఈ గ్యాలరీకి వచ్చేశారు. హాఫెన్‌స్ట్రాసె వాళ్లలో ఒకరు చీపురుకర్రకు పుర్రె జెండా తగిలించి తెచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జట్టు గోల్‌కీపర్ ఫోల్కర్ ఇప్పిగ్ కూడా కొన్నాళ్లు ఆ ఇళ్లలోనే ఉన్నాడు. మధ్య అమెరికాలోని నికరాగువా దేశం వెళ్లి అక్కడి జనంతో కలిసి పనిచేసి వచ్చాడు.

పంక్‌కీ ఫుట్‌బాల్‌కీ ఎలా కుదిరింది? గిటారు మీద మూడు స్వరమేళాలు (కార్డ్స్) వాయించడం వస్తే చాలు, పాట కట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు అంటుంది పంక్. గ్యాలరీలో నిలబడేవాళ్లదీ అదే పద్ధతి. నినాదం వాళ్లదే, బ్యానర్ వాళ్లు కుట్టిందే. 1989లో 'మిల్లెర్న్‌టోర్ రోర్' అనే పత్రికనూ అభిమానులే నడిపారు. నా దృష్టిలో అసలు బంధం ఈ చేతిపనిలోనే ఉంది.

అందుకే అది పాటలతో ఆగలేదు. జాతి విద్వేష నినాదాలను నిషేధిస్తూ 1990ల మొదట్లోనే స్టేడియం నిబంధనల్లో రాయించారు. స్టేడియానికి క్లబ్బు పాత అధ్యక్షుడి పేరు ఉండేది. ఆయన నాజీ పార్టీ సభ్యుడని తేలాక, 1990ల చివర్లో ఆ పేరు తీసేశారు. సొంత ఇంటి చరిత్రను తవ్వుకోవడానికి ధైర్యం కావాలి, దాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ఇప్పుడు ఆ పుర్రె టీషర్టుల మీద ప్రపంచమంతా అమ్ముడుపోతోంది. అది చూస్తే నాకు బాధగానే ఉంటుంది. అయితే డబ్బు విషయంలోనూ వాళ్లు ఒక దారి వెతికారు. 2024లో సహకార సంఘం పెట్టి, ఒక్కో వాటా 750 యూరోలకు అమ్మారు. ఇరవై వేలమందికి పైగా కొన్నారు. స్టేడియంలో పెద్ద వాటాను ఆ సంఘం చేతికి ఇవ్వాలన్నది ఆలోచన. ఎన్ని వాటాలు కొన్నా, సభ్యుడికి ఓటు ఒక్కటే.